మూడో అడుగు వేయని వామనుడు

ఈ ఉదయం లిఫ్టులో ఎవరి సంచిలోంచో కొబ్బరినూనెలో వేయించిన అరటికాయ చిప్సు వాసన వచ్చింది. దిగవలసిన అంతస్తు దాటిపోయినా గమనించలేదు. మనసు సెంబవాంగ్‌లోని మా పాత ఫ్లాటుకు వెళ్ళిపోయింది.

రెండువేల సంవత్సరం వచ్చేలోగా కంప్యూటర్లన్నీ సరిచేయాలని ప్రపంచమంతా హడావిడి పడుతున్న రోజుల్లో, నాన్న ఉద్యోగం కోసం గుంటూరు నుంచి సింగపూర్ వచ్చాం. నాకు ఏడేళ్ళు. పక్క ఫ్లాటులో మలయాళీలు గోపాలన్ అంకుల్, సరోజిని ఆంటీ ఉండేవారు. ఓడల మరమ్మతు యార్డులో పనిచేసి రిటైరైన అంకుల్, అక్కడి తెలుగువాళ్ళ దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కలకూ సింగపూర్ వాళ్ళ 'లా' తగిలించి మాతో మాట్లాడి మురిసిపోయేవారు. ఓనం వస్తే పది రోజులూ ఆంటీ తెల్లవారగానే కారిడార్‌లో బంతిపూల రేకులు, ఊదారంగు బొగడబంతులు వలయాలుగా పరిచి పూక్కళం వేసేది. రోజుకో వరస పెరిగేది. స్కూలు బస్సు వచ్చేదాకా నేను రేకులు తుంచుతూ కూర్చునేదాన్ని, వేళ్ళకంటిన ఆ పచ్చివాసన మధ్యాహ్నం దాకా పోయేది కాదు.

మా అమ్మ చెప్పిన కథలో వామనుడు బలిచక్రవర్తి గర్వం అణిచాడు. ఆంటీ కథలో బలి అందరినీ ఒక్కలా చూసుకున్న మంచి రాజు, మావేలి. పాతాళానికి పోతూ, ఏడాదికోసారి వచ్చి తన ప్రజలను చూసుకునే వరం అడిగాడట. ఆయన వచ్చే రోజే ఓనం. ఓడిపోయిన రాజు కోసం ఇల్లంతా పూలతో నింపుకునే పండగ నాకు వింతగానూ, భలే ఇష్టంగానూ ఉండేది.

ఆ ఏడు మా ఫ్లాట్ల బ్లాకు కింది ఖాళీ జాగాలో మలయాళీలు ఈ కథ నాటకంగా వేశారు. పిల్లలందరిలో పొట్టిదాన్నని నన్ను వామనుణ్ణి చేశారు. బొజ్జ ఉన్న అంకుల్ మావేలి. తాటాకు గొడుగు పట్టుకుని ఒక అడుగుతో భూమి, రెండో అడుగుతో ఆకాశం కొలిచాను. అంకుల్ మోకాళ్ళ మీద కూర్చుని, బంగారు కాగితం కిరీటం తీసి, తల వంచారు. కాలెత్తాను. రోజూ నా స్కూలు బస్సుకు ఎదురొచ్చే మనిషి బట్టతల అది. కాలు ముందుకు పోలేదు.

"పెట్టు లా, పాపా. నాకు నొప్పి లేదు," అన్నారు మెల్లగా.

"పెట్టను. మీరు కిందకి వెళ్ళిపోతారు."

నాటకం నా వల్ల చెడిపోయిందని తెలిసి, గొడుగు పారేసి అంకుల్ మెడ పట్టుకుని ఏడ్చాను. అప్పుడు ఆడవాళ్ళ మధ్య నుంచి సరోజిని ఆంటీ లేచి మలయాళంలో ఏదో అంది. అందరూ ఘొల్లున నవ్వారు.

"ఈ సంవత్సరం రాజు పోవద్దట," నా చెవిలో తెలుగు చేశారు అంకుల్. "వచ్చి అన్నం తినాలట."

అరిటాకులు పరిచారు. రాజు, వామనుడు పక్కపక్కనే కూర్చున్నారు. అరటికాయ చిప్సు, కూరగాయల అవియల్, పెరుగు పులిసేరి, చివర బెల్లం అడ పాయసం. "అంత నాటకాన్ని పాడు చేశావు కదే," అని కసురుతూనే అమ్మ తన పాయసం కూడా నా ఆకులోకి వంచింది.

అంకుల్, ఆంటీ ఇద్దరూ ఇప్పుడు లేరు. ఓనం భోజనం మాత్రం ఊరంతా దొరుకుతుంది, ముందే బుక్ చేసుకుంటే చాలు. పిలవకపోయినా వెళ్ళి ఆకు ముందు కూర్చోగలిగిన ఇల్లు నాకు ఒక్కటే ఉండేది.