వద్దంటే తీసేసిన ఆలుగడ్డలు

గల్ఫ్‌లో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక ఐరిష్ కుటుంబం ఉండే విల్లాలో వంటపనికి కుదిరిన మొదటి రోజే మేడమ్ నన్ను తినమంది. మర్యాద కొద్దీ వద్దన్నాను. మా జగిత్యాల వైపు మొదటి పిలుపుకే కంచం అందుకుంటే కక్కుర్తి అంటారు. అక్కడి పెద్ద వంటవాడిదీ మా జిల్లానే, ఈ సంగతి అతనికి తెలియనిది కాదు. అయినా, ఈమె మీ తిండి ముట్టదు మేడమ్ అని ఇంగ్లీషులో చెప్పేసి, నా వంతు కూడా తనే లాగించాడు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో నాకు కంచం లేదు. వండేది నేను, తినేది అతను. నాకూ ఒక రోజు రాకపోతుందా అని ఊరుకున్నాను.

మేడమ్ తల్లి ఐర్లండ్‌లోని తన పల్లె నుంచి వచ్చింది. వాళ్ళ ఊళ్ళో మధ్యాహ్నం ఆలుగడ్డలను తొక్కతోనే ఉడికించి బల్ల మధ్య కుప్ప పోస్తారట. ఎవరికి వాళ్ళు ఒలుచుకుని, వెన్న రాసుకుని, మజ్జిగతో తింటారట. అలాగే చేశాం. వడ్డన మాత్రం అతనిదే. వెస్ట్ బే హోటల్లో పనిచేశానని గొప్ప. ఇంకొకటి వేయనా అన్నాడు. ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. అతను గిన్నె ఎత్తుకుపోయాడు. ఆమె చూపు గిన్నె వెంటే వంటింటి దాకా వచ్చింది. అది ఆకలి చూపని నాకు తెలుసు. కావాలనే చెప్పలేదు.

మరుసటి రోజూ అంతే. సాయంత్రం ముసలమ్మ కూతురి దగ్గర మొర పెట్టుకుంది. తమ ఊళ్ళో మూడుసార్లు బతిమాలితే గాని ఎవరూ తినరట, ఈ ఇంట్లో రెండో మాట అడిగే దిక్కు లేదట. మేడమ్ అతని మీద విరుచుకుపడింది. నేనూ ఆగలేదు. మా ఊళ్ళోనూ ఇంతే మేడమ్, అన్నకు బాగా తెలుసు, మొదటి రోజు నేను వద్దన్నదీ అందుకే అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పేశాను.

మేడమ్ నన్ను ముసలమ్మ పక్కన కూర్చోబెట్టి, గిన్నె అతని చేతికిచ్చింది.

"తింటవా చెల్లె?" అన్నాడు.

"వద్దన్నా."

"జెర తినరాదు."

"ఆకలి లేదన్నా, నువ్వే తిను."

మేడమ్ చూస్తూనే ఉంది. "నీ కాళ్లు మొక్కుత, పెట్టుకో" అని గొణిగాడు.

కంచం ముందుకు జరిపాను. "పెద్దది చూసి వెయ్యి."

అతను నిలబడి ఉండగానే తీరిగ్గా తొక్క ఒలుచుకుని తిన్నాను. రెండోదానికీ మళ్ళీ వద్దన్నాను, మళ్ళీ బతిమాలించుకున్నాను.