కాక ఆపిన పెనాల్టీ

మా బొగ్గుబాయి ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపర్‌ను గోదావరిఖనిలో మేమందరం కాక అనే పిలిచేవాళ్లం. భూమి లోపల పైకప్పు కూలకుండా కట్టె దిమ్మెలు నిలబెట్టడం ఆయన డ్యూటీ. షిఫ్టు దిగి స్నానం చేసి నేరుగా గ్రౌండుకు వచ్చేవాడు. గోల్‌పోస్టుల మధ్య ఊరికే నిలబడటం ఆయనకు చేతకాదు, ముచ్చట పెట్టాలి. ఎదుటి ఆటగాడు బంతితో మీదికి ఉరికొస్తుంటే, మీ నాయన దవాఖాన నుంచి ఇంటికొచ్చిండా అని అడిగేవాడు. అతను జవాబు చెప్పబోయేలోగా బంతి కాక చేతుల్లో ఉండేది.

ఆయన ఆటలన్నిటిలో మేం మళ్లీ మళ్లీ చెప్పుకునేది బెల్లంపల్లి జట్టు మీద ఆపిన పెనాల్టీ. ఆ రోజు వాన. గ్రౌండంతా నల్లటి బురద. ఆట ముగియబోతుండగా వాళ్లకు పెనాల్టీ దొరికింది. వాళ్లలో ఒక బక్కపలుచని ఆటగాడు గట్టిగా తన్నాడు. కాక ఎడమవైపు దూకాడు, బంతి ఆయనకు తగిలి బయటికి పోయింది. ఆయనను భుజాల మీద క్వార్టర్స్ దాకా మోసుకుపోయాం. దించేసరికి మా చొక్కాలు ఏ రంగువో ఎవరికీ తెలియలేదు.

ఆ పెనాల్టీ కొట్టినతనే తర్వాత మా అక్కను పెళ్లి చేసుకుని నాకు బావ అయ్యాడు. సంబంధం మాట్లాడటానికి వాళ్లు వచ్చినప్పుడు మా నాయన అతన్ని చూడగానే గుర్తుపట్టాడు. కాకను అంత ఎత్తు ఎగిరించిన మనిషికి పిల్లనియ్యడానికి ఇంకా ఆలోచన ఎందుకన్నాడు.

తెలంగాణ రావడానికి కొంచెం ముందు కాక రిటైరయ్యాడు. కమ్యూనిటీ హాలులో సన్మానం పెట్టాం. మైకు దగ్గరికి వచ్చిన ప్రతివాడూ ఆ పెనాల్టీ గురించే మాట్లాడాడు. ఒకాయన కాక మనిషెత్తు ఎగిరాడన్నాడు. ఇంకొకాయన బంతిని గాల్లోనే ఒంటిచేత్తో పట్టాడన్నాడు. మా బావ అయితే, దేశంలో ఇంకే గోల్‌కీపరూ ఆ కిక్కు ఆపలేడని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు.

చివరికి మెడ నిండా దండలతో కాక లేచాడు.

"నేను కుడిదిక్కు దుంకుదామనుకున్న. బురదల కాలు జారి ఎడమదిక్కు పడ్డ. బంతే వచ్చి నా భుజానికి తాకింది," అన్నాడు.

ముందు వరుసలో కూర్చున్న కాక భార్య, ఇంట్లో కూడా ఆయన అట్లనే పడతాడని పక్కావిడతో అంది.

మా బావ ముఖం మాడిపోయింది. లేచి, "కాకా, గా ముచ్చట ఇప్పుడెందుకు చెప్పుడు? మా మామ గా కిక్కు చూసే నాకు పిల్లనిచ్చిండు," అన్నాడు.

మా నాయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నేరుగా మైకు అందుకుని, ఇంత పేరు వచ్చినా గొప్ప చెప్పుకోని మనిషిని ఎక్కడైనా చూశారా అని సభను అడిగాడు. చప్పట్లు ఆగలేదు. కాక రెండుసార్లు చెయ్యెత్తి ఏదో చెప్పబోయి, ఎవరూ వినేటట్టు లేరని కూర్చున్నాడు. ఆ తర్వాత మాట్లాడినవాళ్ల నోట ఆయన ఇంకా ఎత్తు ఎగిరాడు.

భోజనాల దగ్గర బావ పోయి కాక పక్కన కూర్చున్నాడు. నేను ఇద్దరికీ బగారన్నం, మటన్ కూర వడ్డిస్తున్నాను. బావ ముద్ద కలిపాడు. తర్వాత పక్క వరుసలో మా నాయన ఎంత దూరంలో ఉన్నాడో చూసుకుని గొంతు తగ్గించాడు.

"నిజం చెప్పాల్నంటే కాకా, నేను గూడ నీ కుడిదిక్కే కొడదామనుకున్న. నా కాలు గూడ జారింది."

కాక అతని వైపు తిరిగాడు. నవ్వు ఆపుకోవడానికి చేసిన ప్రయత్నంలో ఆయనకు పొలమారింది. బావ ఆయన నెత్తి మీద తట్టాడు, నేను నీళ్లందించాను. ఏమైందని మా నాయన అక్కడి నుంచే అడిగాడు. కూరలో కారం ఎక్కువైందని ముగ్గురం ఒక్కమాటే చెప్పాం.