పిత్తాశయం లేని కండక్టరమ్మ

2023వ సంవత్సరం. తోతాపురి కాయల లారీలు రోడ్లన్నీ ఆక్రమించే మామిడి కాలం. పుంగనూరు బస్టాండుకు ఎదురుగా ఉంది మా మెడికల్ షాపు. మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సు ఇక్కడ కాసేపు ఆగుతుంది. ఆ కాసేపట్లో మా కౌంటరు దగ్గరికి వచ్చేవాళ్ళు తలనొప్పికో వాంతులకో మాత్ర అడిగి, చిల్లర కోసం కూడా ఆగకుండా పరిగెత్తి బస్సెక్కేస్తారు.

షాపు పెట్టడానికి కావలసిన డిప్లొమా నాకుంది. మందు పెట్టె మీద ఏం రాసి ఉంటుందో ఆ చదువు నేర్పింది. ఆ మందు కడుపులోకి పోయి ఏం చేస్తుందో నేర్పింది మాత్రం మా ఊరి శాఖా గ్రంథాలయం. మధ్యాహ్నం షట్టరు సగం దించి అక్కడికి పోతాను. వైద్యం బీరువాలో నేను తిరగేయని పుస్తకం లేదు. కొన్ని రెండోసారి కూడా చదివాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

ఆ బస్సు కండక్టరు రెడ్డెమ్మ. పెద్దపంజాణి పక్క పల్లె. వాళ్ళమ్మ జీవితమంతా చెనక్కాయల (వేరుశనగ) చేలల్లో కూలి చేసింది. భర్త మేస్త్రీ, పని ఉన్నప్పుడే సంపాదన. ఆ ఇంట్లో నెలజీతం మొహం మొదట చూసింది రెడ్డెమ్మే. మనిషి గట్టిది. సెల్‌ఫోన్ చూస్తున్నట్టు నటించి టికెట్ ఎగ్గొట్టాలని చూసేవాడు ఆమె కంట్లో పడకుండా పుంగనూరు దాటలేడు.

ఆ వేసవి మొదట్లో మదనపల్లెలో ఆమెకు ఆపరేషన్ జరిగింది. పిత్తాశయంలో రాళ్ళు. పొట్టకు చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ పిత్తాశయాన్ని తీసేశారు. దాన్ని లాపరోస్కోపిక్ కొలిసిస్టెక్టమీ అంటారు. విశ్రాంతి అయ్యాక డ్యూటీకి వచ్చింది. వచ్చినప్పటి నుంచీ మా షాపులో ఒకటే మందు అడగడం మొదలుపెట్టింది. లోపెరమైడ్, అంటే విరేచనాలు ఆపే మాత్ర. ఒకసారి ఇచ్చాను. మళ్ళీ ఇచ్చాను. ఆపైన చెయ్యి ఆగింది.

"ఇది దినమూ మింగే మాత్ర కాదమ్మా. జ్వరం ఉందా? కళ్ళు పచ్చబడినాయా? రక్తం ఏమైనా పడతాండాదా?"

"అవేం ల్యావన్నా. కడుపులో ఏమీ లేకున్నా నీళ్ళ మాదిరి పోతాండాది. మంట వేరే. నా బస్సులో నేను యాడికని పోయేది? వి.కోట దాటినాక తోపు కాడ బస్సు నిలబెట్టించినా. ఎంత సిగ్గుసేటు."

వెనకే టీ గ్లాసుతో నిలబడ్డ డ్రైవరు మునిరత్నం అందుకున్నాడు. "నేనేం బయటపెట్టలేదు కదమ్మా. నువ్వు దిగినప్పుడల్లా నేనూ దిగి టైరు తంతాండా. నిన్న ఒక ముసలాయప్ప, ఏమప్పా, ఆ టైరు నీకేం పాపం జేసింది, రోజూ దాన్నే తంతాండావు అన్యాడు."

రెడ్డెమ్మ నవ్వలేదు. "ఈ నెలాఖరుకు డ్యూటీ వద్దని రాసిచ్చేస్తానన్నా. ఇంక నా వల్ల కాదు" అంది. బస్సు హారన్ మోగింది. మాత్ర లేకుండానే వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం గ్రంథాలయానికి వెళ్ళి జీర్ణవ్యవస్థ పుస్తకం తీశాను. పిత్తరసాన్ని, అంటే బైల్‌ను, తయారు చేసేది పిత్తాశయం కాదు, కాలేయం. పిత్తాశయం దాన్ని నిల్వ ఉంచి చిక్కబరిచే సంచి మాత్రమే. మనం నెయ్యో నూనో ఉన్న తిండి తిన్నప్పుడు ఆ సంచి ముడుచుకుని పిత్తాన్ని పేగులోకి వదులుతుంది. కొవ్వును సన్నని తుంపరలుగా విడగొట్టి అరిగేటట్టు చేసేది ఆ పిత్తమే. సంచి తీసేసినా పిత్తం ఆగదు. కాలేయం నుంచి నేరుగా కొద్దికొద్దిగా పేగులోకి కారుతూనే ఉంటుంది. చాలామందికి దీనివల్ల ఏ బాధా ఉండదు, శరీరం అలవాటు పడుతుంది. కొందరిలో మాత్రం ఎక్కువైన పిత్తం పెద్దపేగుదాకా జారి, అక్కడ నీళ్ళు ఊరేలా చేసి విరేచనాలు తెస్తుంది. దీనికి బైల్ యాసిడ్ డయేరియా అని పేరు.

ఇంతవరకూ బాగానే అర్థమైంది. కానీ సాటివాళ్ళకు సర్దుకున్న శరీరం ఈమెకెందుకు మొరాయిస్తోంది? "కడుపులో ఏమీ లేకున్నా" అన్న మాట నన్ను వదల్లేదు. పగలు బస్సులో తిరిగే మనిషి కడుపులో ఏమీ ఎందుకు లేదు?

జవాబు మరుసటి రోజు మామిడి లారీల పుణ్యమా అని దొరికింది. పలమనేరు రోడ్డులో లారీలు అడ్డం తిరిగి బస్సులన్నీ స్టాండులోనే నిలిచిపోయాయి. రెడ్డెమ్మ వచ్చి మా షాపు స్టూలు మీద కూలబడింది. బిస్కెట్ పొట్లం ముందు పెట్టాను. ముట్టలేదు.

"పొద్దున్నుంచి ఏం తిన్యావమ్మా?"

"ఏమీ ల్యా."

"నిన్న?"

"నిన్నా అంతే. రాత్రి ఒక్కపూటే తింటాండా." గొంతు తగ్గించింది. "ఆపరేషన్‌కు తీసుకపోయేటప్పుడు మొక్కుకున్యానన్నా. నన్ను బాగా బయటికి పంపిస్తే ఆడికృత్తిక పండక్కు గుడికి కావడి ఎత్తేదాకా దినమూ ఒక్కపొద్దు ఉంటానని."

"రాత్రికి ఏం తింటావు?"

"సంగటి, పప్పు, చెనక్కాయలు నూరిన ఊరిబిండి. పొద్దంతా పస్తుంటానని మా అత్త నెయ్యి కొంచెం ఎక్కువే వేస్తాది."

పుస్తకంలో లేని పేజీ అదే. పగలంతా ఖాళీ పేగులో పిత్తం ఊరికే కారుతోంది, కలిసేందుకు తిండి లేదు. రాత్రి అయ్యేసరికి నెయ్యీ చెనక్కాయలూ ఒక్కసారిగా వచ్చి పడుతున్నాయి. ఆమెకు తెలిసిన మాటల్లో చెప్పాలనుకున్నాను.

"మీ పల్లెలో చేన్ల కాడ బోరు నీళ్ళు సంపులో పట్టి, కావాల్సినప్పుడు వదుల్తారు కదా. నీ కడుపులో తీసేసిన సంచి అట్లాంటి సంపే. సంపు పగలగొట్టేస్తే?"

"బోరు పోస్తానే ఉంటాది. నీళ్ళన్నీ రోడ్డు పాలు."

"చేనుకు సన్నగా పొద్దంతా పారితే?"

"డ్రిప్పు మాదిరి. పంటకు మంచిదే." అని, నా మొహంలోకి చూసింది. "అంటే నేను కొంచెం కొంచెంగా పొద్దంతా తినాలంటావు. అట్లయితే నా మొక్కే నన్ను పట్టుకునిందా?"

"మొక్కును ఏమీ అనడం ల్యా. పస్తును అంటాండా. నెయ్యి కూడా కొన్నాళ్ళు తగ్గించాల."

"అన్నా, నన్ను బయట పడేసిన దేవుడి దగ్గర ఇప్పుడు బేరమాడేదా? ఉద్యోగం పోతే పోనీ. మాట తప్పను."

అంతవరకూ గుమ్మంలో నిలబడి టీ ఊదుకుంటున్న మునిరత్నం లోపలికి వచ్చాడు.

"బేరం యాలమ్మా? ఒక్కపొద్దంటే అన్నం, సంగటి ఒక్కపూటే. ఫలారానికి అడ్డం ఏముండాది? మా యమ్మ శనివారం ఒక్కపొద్దుంటాది. ఆ రోజు మా ఇంట్లో దోసెలకు మేము వరసలో నిలబడాల."

"మీ యమ్మది ఒక్కపొద్దు కాదప్పా, టిఫిన్ సెంటరు."

"సరే, నా మాట వద్దు. మీ అత్తనడుగు. ఈడనే అడుగు."

రెడ్డెమ్మ ఫోన్ చేసింది. అవతలి గొంతు షాపంతా వినిపించింది.

"పస్తా? నిన్ను పస్తుండమని ఎవురు జెప్పినారే? ఒక్కపొద్దంటే పండ్లు తినకూడదా, అటుకులు తినకూడదా? డ్యూటీలో పొద్దు దొరకక తినకుండా పోతాండావనుకున్యా. అందుకే రాత్రికి ఇంత నెయ్యి పోస్తి. దేవుడు నీ కడుపు మాడ్సమన్యాడా?"

మునిరత్నం టీ గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వాడు. "టికెట్ మాదిరే ఒక్కపొద్దు కూడా కొట్టింది రెడ్డెమ్మ. దేవుడే వచ్చి కన్సెషన్ అడిగినా ఇవ్వదు."

ఆమె ఫోన్ ఆపి బిస్కెట్ పొట్లం వైపు చూసింది. తీయలేదు. లేచి బస్టాండు మూలనున్న బండి దగ్గరికి వెళ్ళి అరటిపండు కొనుక్కుని, అక్కడే నిలబడి తినడం ఇక్కడి నుంచి చూశాను. చాలా మెల్లగా తిన్నది.

అయినా అంతటితో సరే అనుకోకుండా, వచ్చే సెలవురోజు ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ దగ్గరికి పోయి తీరాలన్నాను. పిత్తనాళంలో రాయి ఏదైనా మిగిలి ఉంటే ఈ మాటలన్నీ వృథా. డాక్టరమ్మ రక్తపరీక్ష, స్కానింగ్ చేయించి రాళ్ళేమీ లేవని తేల్చారు. ఆపరేషన్ తర్వాత మొదటిసారి చూపించుకున్నప్పుడు రెడ్డెమ్మ "అన్నీ తింటాండా" అని చెప్పి, మొక్కు మాట దాచినందుకు బాగా చివాట్లు పెట్టారట. "మీ షాపాయన చెప్పింది సరిగ్గానే ఉంది. కానీ స్కాన్ చూసేదాకా ఎవరూ ఊహతో మందు వాడకూడదని ఆయనకూ చెప్పు" అన్నారట. ఆ మాట నాకు బాగా నచ్చింది.

ఆమె రాసిన మందు కొలెస్టిరమైన్ పొడి. నీళ్ళలో కలిపి తాగితే పేగులోని అదనపు పిత్తాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. మా షాపులో అది ఉండదు, తెప్పించాను. ఆ పొడికి ఒక గుణముంది. పిత్తంతోపాటు దారిలో కనిపించిన వేరే మాత్రలను కూడా పట్టుకుంటుంది. రెడ్డెమ్మ రోజూ వేసుకునే థైరాయిడ్ మాత్రకూ పొడికీ కొన్ని గంటల ఎడం ఉండాలని డాక్టరమ్మ చీటీ మీదే రాశారు. నేను మళ్ళీ చెప్పి, ఆమె చేత కూడా చెప్పించి పొట్లం ఇచ్చాను.

తర్వాత కొన్నాళ్ళు ఆమె షాపుకు రాలేదు. నెలాఖరు దాటింది. రాసిచ్చేసిందేమోనని దిగులు పడ్డాను. ఒక ఉదయం కుప్పం బస్సు వచ్చి ఆగింది. కిటికీలోంచి మునిరత్నం అరిచాడు.

"అన్నా, టైరు బతికిపోయింది."

రెడ్డెమ్మ దిగి వచ్చింది. చేతిలో చిన్న టిఫిన్ డబ్బా, అందులో బెల్లం కలిపిన తడి అటుకులు. అంతకుముందు పీక్కుపోయిన బుగ్గలు కొంచెం నిండాయి.

"పొడి తగ్గించమనింది డాక్టరమ్మ. కొందరికి ఇంకా కొన్నాళ్ళు పడతాదంట, నాకు సర్దుకుంటాండాది అనింది. కావడి ఎత్తి వచ్చినానన్నా. మొక్కు తీరింది. అత్త ఇంకా గరిటె తీసుకుని నెయ్యి నెయ్యి అంటాది, నేను సేయి అడ్డం పెడతాండా." డబ్బా నా వైపు జరిపింది. "తిను. ఫలారమే."

అప్పటి నుంచి కడుపు బాధతో ఎవరొచ్చినా "ఏం తిన్నావు" అని అడిగి ఊరుకోను. ఎప్పుడెప్పుడు తినలేదు, ఎందుకు తినలేదు అని కూడా అడుగుతాను. తిన్నది ఎవరైనా చెబుతారు. తినకపోవడం వెనక ఒక మొక్కో, మొహమాటమో, సిగ్గో ఉంటుంది. దాన్ని బయటికి తీయడానికి పుస్తకమొక్కటే చాలదు. ఒక స్టూలు వేసి కూర్చోబెట్టాలి. లారీలు కూడా కాస్త అడ్డం తిరిగితే ఇంకా మంచిది.

ఆ రోజు రెండు పిడికెళ్ళ అటుకులు తిన్నాను. హారన్ మోగింది. రెడ్డెమ్మ నోట్లో ముద్ద ఉండగానే పరిగెత్తి, ఫుట్‌బోర్డు మీద నిలబడి "పలమనేరు, వి.కోట, కుప్పం" అని కేక వేసింది. నోరు నిండా ఉండడంతో కుప్పం సగమే వినబడింది. ఎక్కేవాళ్ళకు అది చాలు.