ఫరీదాబాద్ రేటు

ఆ చర్మవ్యాధుల డాక్టరు ధర చెప్పేముందు "ఎక్కడుంటారు?" అని తప్పకుండా అడిగేవాడు. ముడతలు పోగొట్టే సూదికి తన దక్షిణ ఢిల్లీ క్లినిక్‌లో చెప్పే ధరలో సగమే, పక్క ఊరు ఫరీదాబాద్‌లోని క్లినిక్‌లో చెప్పేవాడు. మందు ఒకటే. ఐసు డబ్బాలో పెట్టి బస్సులో తీసుకెళ్లే నర్సుని నేనే. ఫరీదాబాద్‌లో మాత్రం మందులో సెలైన్ నీళ్లు రెండింతలు కలపమనేవాడు.

కనురెప్ప అదిరి మూసుకుపోయే జబ్బున్న ఒక స్కూలు టీచరు ఫరీదాబాద్‌లో అదే సూది వేయించుకునేది. ఒకరోజు వచ్చి, "డాక్టర్ సాబ్, మూడు నెలలు పనిచేస్తుందన్నారు, పదిరోజులకే మళ్లీ మొదలైంది. క్లాసులో పిల్లలు నవ్వుతున్నారు," అంది.

"మీ ఏరియాలో దుమ్మెక్కువమ్మా," అన్నాడు.

నేనుండబట్టలేక, "దుమ్ము కాదు దీదీ, మందులో నీళ్లెక్కువ," అనేశాను.

ఆ సాయంత్రమే నన్ను ఉద్యోగంలోంచి తీసేశాడు.

"ఫరీదాబాద్ మనిషికి ఆమాత్రం చాలదా సిస్టర్?" అన్నాడు, నిజంగానే అర్థంకాక.