సముద్రంలోకి వెళ్లే లైటుకి బొట్టు

నలభై దాటాక సముద్రంలో మునగడం నేర్చుకున్నానంటే మా చుట్టాల్లో సగంమంది నాకు మతి పోయిందనుకున్నారు. మిగతా సగం, మా ఆయన నన్ను నెత్తికెక్కించుకున్నారని అన్నారు. రెండిట్లోనూ కొంత నిజం ఉంది కాబట్టి నేనెవరితోనూ వాదించలేదు. కాకినాడలో ఒక ఎరువుల ఫ్యాక్టరీ లాబ్‌లో నా ఉద్యోగం. నాతో పనిచేసే ఒకమ్మాయి విశాఖ వెళ్లి స్కూబా డైవింగ్ నేర్చుకుంటూ నన్నూ లాక్కెళ్లింది. వీపున గాలి సిలిండరు కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని మొదటిసారి నీళ్ల అడుగున ఊపిరి పీల్చిన రోజున నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ ఈ సముద్రం పక్కనే ఉంటూ చేపల పులుసు తప్ప దాని సంగతేమీ ఎరగకుండా బతికానే అనిపించింది.

కొన్నాళ్లు పగటిపూట మునిగాక, చీకటి పడ్డాక మునగాలన్న కోరిక పుట్టింది. పగలంతా రాళ్ల సందుల్లో దాక్కున్న పీతలు, రొయ్యలు, ఆక్టోపస్‌లు అప్పుడే బయటికొస్తాయట. దానికి చేతిలో లైటు ఉండాలి. డైవింగ్ సెంటర్‌వాళ్లు అద్దెకిస్తారు గానీ, వాటి మూతులు అరిగి, ఒకటి వెలిగితే ఇంకొకటి మినుకు మినుకుమంటూ ఉంటాయి. సొంతది కొనుక్కుందామనుకున్నాను. అయితే మంచి లైట్ల ధరలు చూస్తే మా ఇంటి ఫ్రిజ్ గుర్తొచ్చింది. ఉన్నంతలో చవకది వెతకడం మొదలుపెట్టాను.

ఫోను పట్టుకుని కూర్చుంటే అన్నం మాడిపోయిన రోజులు కూడా ఉన్నాయి. ప్రతివాడూ మా లైటుకి ఇన్ని లూమెన్లు, అన్ని లూమెన్లు అని ఊదరగొట్టేవాడే. వెలుగెక్కువైతే మంచిదని నేనూ అనుకున్నాను. మా తీరంలో నీళ్లు మసగ్గా ఉంటాయని, వెలుగు వెడల్పుగా చిమ్మే లైటైతే పొగమంచులో లారీ హెడ్‌లైటు వేసినట్టు ఎదురుగా తెల్లగా అలుముకుంటుందే తప్ప ఏమీ కనపడదని డైవింగ్ నేర్పే ఆయన చెప్పారు. సన్నగా, తిన్నగా వెళ్లే వెలుగు కావాలి. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంటే చాలదు, అది వానకి పనికొస్తుందంతే. ఎన్ని మీటర్ల లోతు తట్టుకుంటుందో రాసి ఉండాలి. ఖరీదైనవాటికి పైన అయస్కాంతం మీట ఉంటుంది, దాన్ని జరిపితే చాలు. చవకవాటిని మూతి తిప్పి వెలిగించాలి. ఆ తిప్పే చోట లోపల ఓ-రింగ్ అని ఒక రబ్బరు రింగు ఉంటుంది. కుక్కరు మూతకి గ్యాస్కెట్ ఎలాగో లైటుకి ఆ రింగు అలాగ. దానిమీద ఇసుక రేణువు పడినా, దారప్పోగు ఇరుక్కున్నా నీళ్లు లోపలికి దూరతాయి.

ఇవన్నీ బుద్ధిగా విని, చివరికి మూతి తిప్పే చవకదే కొన్నాను.

అది వచ్చిన రోజున బాత్‌రూమ్ బకెట్లో నీళ్లు పట్టి, వెలిగించి ముంచి చూస్తుంటే మా అత్తయ్యగారు గుమ్మంలో నిలబడ్డారు.

“ఏంటమ్మా, బకెట్లో దీపం పెట్టేవు?”

“నీళ్లలో ఆరిపోతుందో లేదో చూస్తున్నానండి.”

“కార్తీకంలో మేమూ నీళ్లలో వదిలేవోళ్లం, అరటిదొప్పలో పెట్టి. అయితే అది నీళ్లమీద. నీది నీళ్ల అడుక్కా?” అని నవ్వారు.

ఆవిడ గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. మావయ్యగారు పోయాక రామచంద్రపురం నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. మా ఇళ్లలో కొత్త వస్తువు ఏది కొన్నా పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి గాని వాడరు. మావయ్యగారున్నంతకాలం ఆ పని అత్తయ్యగారిదే. ఆయన పోయాక ఆవిడ చెయ్యి ఆగిపోయింది. భర్త పోయిన ఆడమనిషి చేత బొట్టు పెట్టించకూడదని మా చుట్టాల్లో ఇప్పటికీ ఉంది. ఎవరూ పైకి అనరు, ఆ వేళకి మెల్లిగా పక్కన పెడతారంతే. నాకు ముక్కుమీద కోపం. నా స్కూటీ కొన్నప్పుడు కుంకుమ భరిణె తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టి, “మీరు పెడితేనే నేను బండి ఎక్కుతాను” అన్నాను. మా ఆడపడుచు మొహం పక్కకి తిప్పుకుంది. అత్తయ్యగారు వద్దమ్మా, వద్దమ్మా అని చివరికి వణికే వేలితో పెట్టారు. ఆ తర్వాత మిక్సీకి, మా ఆయన లాప్‌టాప్‌కి, ఆఖరికి నీళ్ల ఫిల్టరుకి కూడా ఆవిడే పెట్టారు. ఆ వేలు వణకడం మానేసింది. ఆ మార్పు నావల్లే వచ్చిందని నాకు లోలోపల గర్వంగా ఉండేది. ఆఫీసులో ఒకరిద్దరికి చెప్పుకున్నాను కూడా.

విశాఖ బయల్దేరే రోజు పొద్దున్నే తలస్నానం చేసి, తడి జుట్టు విరబోసుకునే రాత్రి చార్జింగ్ పెట్టిన బ్యాటరీ తీసి లైటులో వేసి మూతి బిగించాను. బస్సుకి టైమైపోతోంది. రింగు తుడవాలి, వేలితో తడిమి చూడాలి, గ్రీజు రాయాలి. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. లైటు దేవుడి దగ్గర పెట్టి, “అత్తయ్యగారూ, మీ చేతి బొట్టు పడాలండి” అని పిలిచాను. ఆవిడ మూతికీ ఒంటికీ మధ్య మెడలా ఉన్న చోట పసుపు రాసి, నిండుగా కుంకుమ పెట్టారు. “నా కోడలికి జాగ్రత్తగా చూపించు తల్లీ దారి” అని లైటుతోనే చెప్పారు.

పొద్దు కుంకాక పడవలోంచి దిగాం. మేం అయిదుగురం, ముందు మాకు నేర్పే ఆయన. మొదట అంతా అద్భుతంగానే ఉంది. నా వెలుగు పడిన చోట ఒక రాయి ఎర్రగా కనిపించింది, పగలు అదే రాయిని బూడిదరంగులో చూశాను. పీత ఒకటి నన్ను చూసి పోట్లాటకి సిద్ధమైనట్టు చేతులెత్తింది. దాన్ని చూసి నీళ్లలోనే నవ్వుకుంటుంటే నా లైటు ఒకసారి కొట్టుకుని ఆరిపోయింది. సెంటర్‌వాళ్లు నడుముకి కట్టిన చిన్న లైటు ఉంది గనక భయపడాల్సింది లేదు. చీకట్లో దాన్ని తడుముకుని వెలిగించాను. ఎవరిదైనా పెద్ద లైటు ఆరిపోతే అందరూ పైకి రావాలన్నది నియమం. నావల్ల అందరూ దిగిన కాసేపటికే పైకి రావాల్సొచ్చింది. అందులో ఒక కుర్రాడు ఈ ఒక్క డైవ్ కోసం రాయపూర్ నుంచి వచ్చాడట. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇంటికొచ్చేసరికి నాలో సిగ్గు కుతకుత ఉడుకుతోంది. డైనింగ్ టేబుల్ మీద పేపరు పరిచి లైటు విప్పితే లోపల్నుంచి ఎర్రటి నీళ్లు కారాయి. అత్తయ్యగారు మంచినీళ్ల గ్లాసు పట్టుకుని పక్కన నిలబడి ఉన్నారు.

“ఏమైందమ్మా? బానే వెలిగిందా?”

“వెలగలేదు. మీరు పెట్టిన బొట్టే ముంచింది” అన్నాను.

నా ఉద్దేశంలో అది పొడి గురించిన మాట. కుంకుమ పొడి మూతి తిప్పే మరలోకి దిగి రింగు కిందికి పోయి నీళ్లకి దారిచ్చిందని నా లెక్క. ఆవిడ విన్నది వేరు. గ్లాసు టేబుల్ మీద పెట్టి, తన కుడిచేతి వేలు ఒకసారి చూసుకుని, లోపలికి వెళ్లిపోయారు. ఆవిడ వేలు చూసుకోవడం చూశాక గాని నేనేమన్నానో నాకు అర్థం కాలేదు. ఈ ఇంట్లో, చుట్టాల్లో ఇంతవరకు ఎవరూ నోరు తెరిచి అనని మాటని, ఆ చేతిలో భరిణె పెట్టిన నేనే అన్నాను.

వెంటనే వెనకాలే వెళ్లాలి. వెళ్లలేదు. తప్పు నాది కాదని ఇంకా అనుకుంటున్నాను, ఆ ఉక్రోషంలో లైటు కడుగుతూ కూర్చున్నాను. పిన్నీసుతో రబ్బరు రింగు లేపితే దాని మీదుగా, ఇటు అంచు నుంచి అటు అంచుకి, పొడుగాటి వెంట్రుక ఒకటి అడ్డంగా పడి ఉంది. నల్లగా, కుదురు దగ్గర మాత్రం తెల్లగా. రంగు వేసుకుని నెల దాటిన జుట్టు ఈ ఇంట్లో నాదొక్కదానిదే. నీళ్లు ఆ వెంట్రుక పక్కనుంచి దూరాయి. పైనున్న కుంకుమ ఆ నీళ్లతోపాటు లోపలికి కొట్టుకొచ్చిందంతే. ఆ వెంట్రుకని రెండు వేళ్లతో పట్టుకుని కాసేపు చూసి, సింకులో వేసి కుళాయి తిప్పాను. ఎందుకలా చేశానని నన్ను నేను చాలాసార్లు అడిగాను. నా తప్పు నా కళ్ల ముందు ఉండకూడదనిపించింది, అంతకంటే మంచి జవాబు లేదు.

ఆ రాత్రి చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. రోజులు గడిచేకొద్దీ చెప్పడం కష్టమైంది. ఆవిడ నాతో మామూలుగానే ఉన్నారు. నాకిష్టమని పనసపొట్టు కూర ఆవపెట్టి చేశారు. మా ఆయన కొత్త ఫోను తెచ్చి, “అమ్మా, బొట్టు పెట్టు” అంటే మాత్రం, “కోడలు పెడతాదిలే నాన్నా, నా చేతికి నూనె” అన్నారు. ఆవిడ చేతికి నూనె లేదు. దసరాకి నా స్కూటీ కడిగి నిమ్మకాయలు తెచ్చిపెట్టి, ఆ వేళకి మేడమీద బట్టలు తీయడానికి వెళ్లారు. మా ఆడపడుచు ఈసారి మొహం తిప్పుకోలేదు, హాయిగా పులిహోర తింది.

చివరికి ఒక మధ్యాహ్నం ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతుంటే పక్కన కూర్చుని చెప్పేశాను.

“ఆ రోజు లైటు ఆరిపోయింది మీ బొట్టు వల్ల కాదండి. రింగులో నా వెంట్రుక ఇరుక్కుంది. తప్పు నాదేనండి.”

“అలాగేలేమ్మా.”

“నిజమండి అత్తయ్యగారూ. నా కళ్లతో చూశాను.”

“కాదన్నానా? మరి అప్పుడే చెప్పలేదేంటి?”

ఆవిడ ఇంకో కాయ తుంచి, ఈనె లాగి, నా మోకాలు మీద చెయ్యి వేశారు. “నేను బాధపడతన్నానని ఇలా అంటన్నావ్. నీ మనసు మంచిదమ్మా, నాకు తెల్దా” అన్నారు.

వెంట్రుక ఏదీ అని అడగలేదు. అడిగినా చూపించడానికి నా దగ్గర లేదు. ఆ రోజే చెప్పి ఉంటే అది నిజంగా ఉండేది. ఇన్నాళ్లు దాచి చెప్పేసరికి ఓదార్పు మాటైపోయింది. పైగా మంచి మనసు అన్న పేరు కూడా నాకే దక్కింది.

ఆ తర్వాత ఇంకో లైటు కొన్నాను. ఈసారి అయస్కాంతం మీట ఉన్నది, రెండు రింగులున్నది, ఒకసారి బిగిస్తే నీళ్ల దగ్గర మళ్లీ తిప్పక్కర్లేనిది. రింగులు తీసి తుడిచి, గ్రీజు రాసి, జుట్టు ముడేసుకుని గుడ్డ కట్టుకుని మరీ బిగించాను. భరిణె తీసుకెళ్లి ఆవిడ ముందు పెట్టాను. బతిమాలాను. ఆవిడ భరిణె మూత తీశారు. పెడతారనే అనుకున్నాను. అంతలో నా చెయ్యి పట్టుకుని, నా వేలినే కుంకుమలో ముంచి, లైటు మీదికి తీసుకెళ్లారు.

“నీళ్లలోకి దిగేది నువ్వు. నీ చేత్తోనే పెట్టుకో తల్లీ. నాకు దడగా ఉంటాది” అన్నారు. నా ప్రాణం గురించిన దడ అది. దానితో ఎలా వాదించాలో తెలియక పెట్టుకున్నాను.

ఆ శనివారం సాయంత్రం మళ్లీ అదే చోట దిగాం. లైటు ఒక్కసారి కూడా మినుక్కుమనలేదు. ఆక్టోపస్ ఒకటి రాతిమీద రంగులు మార్చుకుంటూ పాకుతుంటే నాతో పనిచేసే అమ్మాయి నా భుజం గిల్లి చూపించింది. నేను చూస్తున్నది మాత్రం ఆక్టోపస్‌ని కాదు, చేతిలో నిలకడగా వెలుగుతున్న లైటుని. ఒక్కసారి ఆరిపోతే బాగుండును అనుకున్నాను. నా చేతి బొట్టుతో కూడా ఆరిపోయిందండీ అని ఇంటికెళ్లి చెప్పుకోవచ్చు. అది ఆరలేదు, గాలి అయిపోవచ్చి పైకొచ్చేదాకా అలాగే వెలిగింది.

ఒడ్డుకొచ్చి తువ్వాలు కప్పుకునేసరికి ఫోను మోగింది, అత్తయ్యగారే.

“వచ్చేసేవా పైకి? దీపం వెలిగిందా అమ్మా?”

“వెలిగిందండి.”

“ఆఖరిదాకా?”

“ఆఖరిదాకానండి.”

“హమ్మయ్య! చూసేవా మరి, నీ చేత్తో పెట్టుకుంటే ఎంత బాగా వెలిగిందో” అన్నారు.

ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు, నిష్ఠూరం లేదు. నేను క్షేమంగా పైకొచ్చినందుకు నిజంగా సంతోషపడుతున్నారు. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. జుట్టులోంచి నీళ్లు ఫోను మీదికి కారుతున్నాయి.

“ఊఁ” అన్నాను.