చావి అక్కర్లేని గడియారం

మా ఆయన యూనివర్సిటీల పెద్దసారు రూము బయట స్టూలు మీద కూసునే నౌకరి చేస్తుండె. అది అరవై ఏడో సంవత్సరమో, అరవై ఎనిమిదో, సరిగ్గ యాదికి లేదు. తార్నాకల పిండిగిర్ని ఎనక ఒక అర్ర కిరాయికి తీసుకొని ఉంటుంటిమి. నేను చదివింది నాలుగో తరగతి, తప్పులుంటె సదురుకోండ్రి.

ఒకనాడు చేతికి గడియారం పెట్టుకొని వచ్చిండు. హాస్టల్ల ఉండే ఒక పిలగాడు, కడప దిక్కోడు, పరీక్షలు అయిపోయి ఊరికి పోతూ అమ్ముతున్నడట. వాళ్ళ మేనమామ కట్టుకున్నది, ఫారిన్‌ది, శాన పాతది. పెట్టుకొని చూడు, నచ్చకుంటె ఐతారం రైలెక్కే ముందు వచ్చి వాపస్ తీసుకుంట అన్నడట. దానికి చావి ఇచ్చే పనే లేదట. చేతికుంటె చాలు, దానంతట అదే నడుస్తదట.

పొద్దుగూకినంక వాకిట్ల మంచం మీద పంచాయితి కూసున్నది. కిరాణా దుకాణపాయన కండ్లు మూసుకొని గడియారం చెవికి పెట్టుకున్నడు. "నాడి మంచిగనే కొట్టుకుంటుంది" అన్నడు. గిర్ని ఆయన తిప్పి చూసి, "ఎనక మూత మీద గీతలున్నయి, ఎవరో మస్తు సార్లు ఇప్పిండ్రు" అన్నడు. అద్దం మీద గుడ ఒక గీత ఉన్నది. లోపల అంకెల బిళ్ళ తెల్లగ ఉండాల్సింది, ముసలోళ్ళ పండ్ల లెక్క పచ్చబడ్డది.

పక్కింటి అవ్వ, "బంగారమైతె కొరికి చూస్తరు. దీన్ని గుడ కొరుకుండ్రి" అన్నది.

"నువ్వే కొరుకు అవ్వా" అన్నడు మా ఆయన.

"నాకు పండ్లుంటె మిమ్ముల ఎందుకు అడుగుత బిడ్డా."

ఎవరేమన్న గని, నాకు ఆ టిక్కుటిక్కు మీద మనసు పడ్డది. గప్పటి దాక మా ఇంట్ల టైము అంటె గిర్ని చప్పుడే. ఐతారం నాడు ఇది వాపస్ పోవద్దు దేవుడా అని మొక్కుకున్న.

రెండు దినాలు గాలేదు, మా ఆయన మొహం మాడ్చుకొని వచ్చిండు.

"రెండు గంటలకే నిద్రపోతుంది" అన్నడు.

"నువ్వా?"

"గడియారమే. పెద్దసారు టైమెంత అంటె రెండు అన్న. నాలుగు దాటిందట. నవ్విండ్రు అందరు."

తెల్లారి సద్ది పట్టుకొని పోయిన. వరండల స్టూలు మీద ఉన్నడు. అందరికి కనవడాలని గడియారమున్న ఎడమచెయ్యి మోకాలి మీద పెట్టి, ఫోటో దిగుతున్నట్టు కూసున్నడు. ఈగ వాలితె ఇంకో చేత్తోని కొట్టుకుంటున్నడు గని ఆ చెయ్యి కదుపుతలేడు. నాకప్పుడు ఏం సమజ్ గాలే.

ఆ మధ్యాహ్నం మళ్ళ ఆగిందట. మర్నాడు కోపం మీద దాన్ని గూట్లె పడేసి డ్యూటికి పోయిండు. నేను తలుపు దగ్గరికేసి చేతికి పెట్టుకున్న. ఆడోళ్ళు ఏ చేతికి పెట్టుకోవాల్నో తెల్వక కుడిచేతికే పెట్టుకున్న. పట్టా లూజుంటె మోచెయ్యి దాక ఎక్కిచ్చిన. అట్లనే జొన్నరొట్టెలు కొట్టిన, కారం దంచిన, ఇల్లు ఊడ్చిన. పిండి అంటితె కొంగుతోని తుడిచి గూట్లె పెట్టిన. పిండి అంటితె కొంగుతోని తుడిచి గూట్లె పెట్టిన. మా ఆయనకు చెప్తె, "నీకు చెవులల్ల టిక్కుటిక్కు పట్టింది" అన్నడు.

ఐతారం నాడు పొద్దున నేను రొట్టెలు కొడుతుంటనే ఆ పిలగాడు పెట్టె పట్టుకొని దిగిండు. గడియారం నా చేతికే ఉన్నది. సిగ్గయి, గబగబ తీసి ఇచ్చిన. "వాపస్ తీసుకో, ఇది ఆగుతుంది" అన్నడు మా ఆయన.

"యాడన్నా ఆగింది? బాగనే తిరుగుతా ఉంది కదా" అన్నడు పిలగాడు చెవికి పెట్టుకొని.

"నా చేతికి ఆగుతది" అన్నడు మా ఆయన.

పిలగాడు దాన్ని అటుఇటు ఊపిండు. లోపల ఏదో గరగర తిరిగింది. "ఈ గుండు తిరిగితేనే చావి ఎక్కేది. నువ్వు చెయ్యి కదిలిస్తా ఉంటావా అన్నా?"

"కదిలియ్యనా మరి?"

"ఎప్పుడు?"

మా ఆయన తలకాయ గోక్కుంట సోంచాయించిండు. "అన్నం తినేటప్పుడు" అన్నడు.

"అది కుడిచెయ్యి గదా" అన్న నేను.

ఆ పిలగాడు నవ్వు ఆపుకోలేక తలకాయ పక్కకు తిప్పుకున్నడు. "గడియారం మంచిదే అన్నా" అన్నడు. మా ఆయన గడియారం దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు, పెనం మీద రొట్టె దిక్కు చూసిండు.

"ఉండనియ్యి" అన్నడు.

గట్ల గడియారం మాకు మిగిలింది. పొద్దుగాల నా చేతికి, డ్యూటికి పోయేటప్పుడు ఆయన చేతికి. నేను రొట్టెలు కొట్టి నింపుతుంటి, ఆయన స్టూలు మీద కూసొని ఖర్చు పెడుతుండె. పెద్దసారుకు మీటింగు ఉన్ననాడు మాత్రం చెప్పులేసుకుంట చెప్పెటోడు, "ఇయ్యాల లేటయితది, ఇంకో రెండు రొట్టెలు కొట్టు" అని. మా ఆయనకు ఆకలి ఎక్కువ అనుకునేది పక్కింటి అవ్వ.