అన్ని గుమ్మాలకూ గడప

నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరై ధవళేశ్వరంలో ఉంటున్న నన్ను, ఆర్కిటెక్టు అయిన మా కోడలు రాజమండ్రిలోని తన ఆఫీసుకు రమ్మంది. "మావయ్యగారూ, మీరు డైరీలు సర్దుకున్నట్టు మా లైబ్రరీ కూడా సర్దిపెట్టండి, చాలు" అంది.

లైబ్రరీ అంటే పుస్తకాలు కావు. ఇళ్ల ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్‌లో తలుపు, కిటికీ, మంచం, వంటగట్టు లాంటివి ఒకసారి గీసి దాచిపెడతారు. ఏ ఇంటికి కావలసినవి ఆ ఇంటికి అక్కడినుంచే తెచ్చుకుంటారు. చిక్కల్లా ఏమిటంటే, దాచిన తలుపును మారిస్తే దాన్ని వాడుకున్న ప్రతి ఇంటి ప్లానులోనూ తలుపు మారిపోతుంది.

తెరిచి చూస్తే నాకు తల తిరిగింది. ఒక్క తలుపుకే ఐదు పేర్లు: "తలుపు", "తలుపు కొత్తది", "తలుపు ఫైనల్", "తలుపు ఫైనల్ ఇదే", "ఇది వాడకండి". ఆ చివరిదాన్నే అందరూ వాడుతున్నారు. ఇంటర్నెట్లోంచి ఎవరో దించిన, చలిదేశాల ఇళ్లలో గోడకుండే చలిమంట గూడు కూడా ఉంది. రోహిణి కార్తెకు రోళ్లు పగిలే ఊళ్లో చలిమంట ఎవరికి?

ఆఫీసులో ప్లాన్లు గీసే ఇంజినీరుకు ఒక్కటే చెప్పాను. ఉమ్మడి లైబ్రరీలో దేన్నీ ముట్టుకోవద్దు, మార్పు కావాలంటే కాపీ తీసుకుని వేరే పేరు పెట్టుకోండి అని. "అలాగేనండి" అన్నాడు. మా వైపు ఆ మాటకు విన్నామని అర్థం. చేస్తామని కాదు.

అప్పట్లో పెద్దాపురం బట్టల వ్యాపారి ఒకాయన ఇల్లు కట్టిస్తున్నారు. ఆయన తల్లికి పక్షవాతం వచ్చి కాళ్లు పడిపోయాయి, చక్రాల కుర్చీలో తిరుగుతారు. ప్లాను గీసేటప్పుడే ఆవిడ మాకు తేల్చి చెప్పారు. "వీధి గుమ్మానికి గడప ఉండాల్సిందే. అక్కడ ఎవరో ఒకరు దాటిస్తారు. లోపల మాత్రం ఒక్కదానికీ వద్దు. నా బండి నేనే తిప్పుకోవాలి." అలాగే గీశాం.

తర్వాత భీమవరం రొయ్యల వ్యాపారి ఒకాయన తన ఇంట్లో అన్ని గదులకూ గడపలు కావాలన్నారు. మా ఇంజినీరు కాపీ తీసుకోకుండా, లైబ్రరీలో ఉన్న తలుపుకే గడప తగిలించాడు. ఆ మర్నాడే పెద్దాపురం ఇంటి ప్లాను ప్రింటు తీసి వడ్రంగికి పంపాడు.

గుమ్మం ఎత్తే రోజు ఉదయం నేనూ, కోడలూ, ఇంజినీరూ వెళ్లేసరికి ద్వారబంధాలన్నీ ఇటుకల గుట్టకు ఆనించి ఉన్నాయి. అన్నిటికీ కింద గడపలు! అన్నిటికీ నిండుగా పసుపు, కుంకుమ బొట్లు. వ్యాపారి భార్య తెల్లారకుండానే వచ్చి ఏదీ వదలకుండా రాసేశారట. పందిట్లో కుర్చీలో ఉన్న పెద్దావిడ వాటికేసి చూస్తున్నారు.

"కాయితంలో ఉన్నట్టే చేశానండి" అన్నాడు వడ్రంగి.

మా కోడలి ముఖం పాలిపోయింది. ఇంజినీరు నా చెవిలో, "సార్, నేను భీమవరం ఇంటికే మార్చానండి" అన్నాడు.

"మార్చింది లైబ్రరీలో కదయ్యా!"

లోపలి గుమ్మాలకు గడప కోసేస్తే సరిపోతుందన్నాడు వడ్రంగి. వ్యాపారి ఒప్పుకోలేదు. "పసుపు రాసిన గడపకి రంపం పెడతామాండీ? అపశకునం. ఇలాగే ఎత్తించెయ్యండి. అమ్మని మేం దాటిస్తాం."

"ఏంట్రా దాటించేది?" అన్నారు పెద్దావిడ. "నాకు దాహమేస్తే కొట్టు కట్టేసొస్తావా? పెళ్లాం పిలిస్తేనే పలకవు, నేను పిలిస్తే పరిగెత్తుకొస్తావా?"

వ్యాపారి భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. వ్యాపారి ఏదో అనబోయారు.

"పసుపు కడిగి కొయ్యవయ్యా" అన్నారావిడ వడ్రంగితో. "ఆ పాపమేదో నా లెక్కలో రాసుకుంటాను."

వడ్రంగి వీధి గుమ్మాన్ని వదిలి, మిగతావాటికి నీళ్లు పోసి కడిగి, ఒక్కో గడపనూ కళ్లకద్దుకుని కోశాడు. ద్వారబంధాల కాళ్లు విచ్చుకోకుండా, గోడ కట్టేదాకా ఉండేలా అడ్డంగా చెక్కబద్దలు బిగించాడు. వ్యాపారి ముఖం తిప్పుకుని నిలబడ్డారు. వీధి గుమ్మం మాత్రం ముహూర్తానికే లేచింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్లగానే నేను తప్ప ఎవరూ లైబ్రరీలో మార్పులు చేయకుండా తాళం వేయించాను.

"సార్, ఇంక ప్రతిదానికీ మిమ్మల్నే అడగాలాండి?" అన్నాడు ఇంజినీరు.

"అడగాలి."

"మీరు లేకపోతేనండీ?"

"రిటైరైనవాణ్ణి, ఎక్కడికి పోతానయ్యా?"

అంతలో పెద్దావిడ ఫోను. "బాబూ, స్నానాలగది తలుపు చూశావా? దాని గుమ్మం ఇంకా చెయ్యలేదంట."

చూశాను. దానికి వాడింది "ఇది వాడకండి" అన్న తలుపే! నీళ్లు బయటికి రాకుండా ఎవరో దాని కింద చిన్న మెట్టు పెట్టి ఉంచారు. లైబ్రరీ ఇంకా సగం కూడా సర్దలేదు, ఇలాంటివి ఎన్ని ఉన్నాయో! మెట్టు తీసేసి, నీరు లోపలికే జారేలా నేల వాలు మార్చి, కొత్త ప్రింటు తీశాను. ఫోనులో పంపిస్తానన్నాడు ఇంజినీరు. నువ్వేం పంపొద్దని చెప్పి, కాయితం చుట్టుకుని పెద్దాపురం బస్సెక్కాను.

పెద్దావిడ ప్లానును ఒళ్లో పరుచుకున్నారు. "ఏదీ, ఎక్కడ?" అన్నారు. చూపించాను. ఆ చోట బొటనవేలితో అటూ ఇటూ రాసి చూశారు.

"ఇక్కడేం లేదుగా?"

"లేదండమ్మా."

"మళ్లీ రేపు మారదుగా?"

మారదన్నాను. వడ్రంగి చేతికి కాయితం ఇచ్చి, పాతదాన్ని నా ఎదురుగానే చింపించాను. తిరుగు బస్సు ఎక్కగానే కోడలికి ఫోను చేసి, ఆ ఇంజినీరు ఇప్పుడేం చేస్తున్నాడో ఒకసారి చూడమన్నాను.